ఎడం భుజం మీదుగా

"ఇస్కరియోతు వచ్చిందమ్మా, దోవ వదలండి."

ప్రభువుని డబ్బుకి పట్టిచ్చినవాడి పేరది. డెబోరా ఆ మాట గట్టిగా అనలేదు. బుట్ట చంకన పెట్టుకుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, ఏట్లోకి దిగబోతూ పక్కనున్న ఆడవాళ్ళతో అన్నట్టుగా అన్నది. ఆడవాళ్ళు నవ్వారు. కెజియా తల వంచుకుని వాళ్ళ మధ్య నుంచి గుల్లదిబ్బ వైపు నడిచింది. దోవ ఎవరూ వదల్లేదు. ఒకామె బుట్ట అంచు మోచేతికి గీరుకుంది.

"మా అందరి నోట్లో మట్టి కొట్టేదానికి నీకెంత ఇస్తా ఉండారు మే?" వెనక నుంచి ఇంకో గొంతు.

కెజియా నడక ఆపలేదు. పలకాల్సిన చోట ఆ పిల్లకి నోరు పెగలదని మొగపాలెం అంతటికీ తెలుసు. చర్చిలో వాక్యం చదవమంటేనే రెండో వచనం దగ్గర ఆగిపోతే, పాస్టరుగారు అందుకుని పూర్తి చేసేవారు.

ముత్తుకూరు నుంచి ఆటోలో వచ్చి కంకర రోడ్డు దిగితే మొగపాలెం. ఊరి వెనక ఉప్పుటేరు. అందులో గుల్లలు ఏరుకునే ఊళ్ళో ఆడవాళ్ళు బతుకుతారు. ఏటి ఒడ్డున రెండు నిలువుల ఎత్తున, తుమ్మచెట్లు మొలిచిన గుల్లదిబ్బ. అది దిబ్బ కాదనీ, ఎన్నో వందల ఏళ్ళ పాటు జనం గుల్లలు ఉడకేసుకుని తిని పారేసిన కుప్ప అనీ నెలన్నర కిందట ఆనందకుమారి మేడం వచ్చి చెప్పేదాకా ఎవరూ పట్టించుకోలేదు. ఆమె యూనివర్సిటీలో తవ్వకాల శాఖ. వెంట వచ్చిన ఆరుగురు స్టూడెంట్లు పైపొర తవ్వి, కడిగి, లెక్కపెట్టి, పరీక్షలున్నాయని వెళ్ళిపోయారు. రెండో పొర నుంచి తవ్వడానికి ఊళ్ళో మస్తానయ్యనీ, గుల్లలు కడగడానికి ఇంటర్ పాసైన కెజియానీ పెట్టుకున్నారు మేడం.

కెజియా పని చెప్పుకుంటే తేలికే. గుంటలోంచి మస్తానయ్య గంపతో మట్టి తెచ్చి జల్లెడలో పోస్తాడు. ఏటి అంచున బట్టలు ఉతికే రాయి ఉంది. దాని మీద దిబ్బకి ఎదురుగా, ఏటికి వీపు పెట్టి కూర్చుని, చెంబుతో నీళ్ళు పోస్తూ, వేళ్ళతో కలుపుతూ మట్టి పోగొట్టాలి. మిగిలిన గుల్లల్ని ఏరి, చీటీ కట్టిన సంచిలో వెయ్యాలి. చీటీ మీద పొర నంబరు. ఆ చీటీ తడవకూడదు, మారకూడదు. "చీటీ పోతే వెయ్యేళ్ళ గుల్లకీ నిన్నటి గుల్లకీ తేడా లేదమ్మా," అని మేడం మొదటిరోజే చెప్పారు. కెజియా ఒక్క చీటీ కూడా తప్పనివ్వలేదు. ఆ పిల్ల పనితనం చూసి మేడం రెండుసార్లు మెచ్చుకున్నారు కూడా.

ఊరికి కోపం వచ్చింది దిబ్బ మీద కాదు. మేడం లెక్కల మీద, వాటిని పట్టుకుని ఏరు మూయిస్తారన్న మాట మీద.

ఆ బుధవారం పది గంటలకి తీర సంరక్షణ కమిటీ ఆఫీసరు మధుబాబు జీపు దిగి టెంటులోకి వచ్చాడు. కెజియా రాయి మీద నుంచి కదలకుండా అంతా వింది.

"పైపొరలో మూడోవంతు గుల్లలు బొటనవేలి గోరంతే," అన్నారు మేడం, కాగితం చూపిస్తూ. "కింద పొరల్లో అలాంటివి దాదాపు లేవు. అన్నీ పెద్దవే. అంటే పూర్వం ఇక్కడ బతికినవాళ్ళు పిల్ల గుల్లల్ని వదిలేసేవాళ్ళు. తర్వాత్తర్వాత ఆ పద్ధతి పోయింది."

మధుబాబు మొహం విప్పారింది. "ఇదే మేడం నాకు కావాల్సింది. ఈ ఆడవాళ్ళకి ఎంత చెప్పినా తలకెక్కదు. ఏరు ఖాళీ చేసింది మీరే అంటే, ఏరు సముద్రంలో కలిసే మొగ పూడిపోయింది, పూడిక తియ్యండి అంటారు. ఇప్పుడు వాళ్ళ ముత్తాతలే సాక్ష్యం చెప్తున్నారు. శనివారం గ్రామసభలో చదివేస్తాను. అయిదేళ్ళు ఏట్లో ఎవరూ కాలు పెట్టకూడదు."

"అయిదేళ్ళా?" అన్నారు మేడం.

"మీ రిపోర్టు గట్టిగా ఉంటే ఏడు." నవ్వి, జీపు ఎక్కుతూ కెజియా వైపు చూశాడు. "ఏం పాపా, మీవాళ్ళకి చెప్పు. ఎదగని పిల్లల్ని కోసుకు తినే జాతి ఏ జాతీ బాగుపడలేదని."

కెజియా చెంబులో నీళ్ళు జల్లెడలో పోసింది. మట్టి కారిపోయింది.  

ఆ సాయంత్రం ఇంట్లో అవ్వ రెబెక్కమ్మ కంచం తెచ్చి నేల మీద పెట్టి, పొయ్యి దగ్గరికి పోయింది. అరవై ఏళ్ళు ఏట్లో వంగి వంగి ఆమె నడుము అలాగే ఉండిపోయింది. కెజియా తెచ్చిన కూలి డబ్బు పొద్దుటి నుంచీ గూట్లో పెట్టినచోటే ఉంది.

"అవ్వా, నేను కడిగేది చచ్చిన గుల్లల్నే."

అవ్వ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "బతికున్నోళ్ళకి ఆ చచ్చినవాటితోనే గదమ్మే గొయ్యి తవ్వతా ఉండారు," అంది పొయ్యితో. ఆ తర్వాత శనివారం దాకా ఆమె మనవరాలితో మాట్లాడలేదు.

గురువారం పదకొండింటికి మస్తానయ్య గంప మట్టి పోసి, నీళ్ళు తోడుకునే ఖాళీ అల్యూమినియం బేసిన్‌ని నీళ్ళ అంచున, కెజియా వెనగ్గా బోర్లించి, బీడీ కాల్చుకోవడానికి తుమ్మచెట్టు కిందకి పోయాడు. నాలుగో పొర, చివరి మట్టి. కెజియా కడుగుతోంది. వేళ్ళ కింద గుల్లలు గలగలమంటున్నాయి. పెద్దది, పెద్దది, ముక్క, పెద్దది.

టంగుమంది వెనక.

ఉలిక్కిపడి తిరిగి చూసింది. బేసిన్ వీపు మీద గోరంత తెల్లటి గుల్ల ఒకటి గిరగిరా తిరిగి ఆగింది. ఎవరో రాయి విసిరారనుకుని ఒడ్డంతా చూసింది. ఎవరూ లేరు. ఏట్లో ఆడవాళ్ళు చాలా దూరాన నడుముల దాకా నీళ్ళలో ఉన్నారు. తన కుడిచెయ్యి ఇంకా ఎడం భుజం దగ్గర, వేళ్ళు విప్పుకుని గాల్లోనే ఉంది.

కెజియా ఆ చెయ్యిని దించి చూసుకుంది.

మొగపాలెంలో ఆడపిల్లకి ఆరేళ్ళు నిండితే ఏట్లోకి దింపుతారు. బురదలో కాలివేళ్ళతో వెతికి, వంగి, గుల్లను తీసి చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకోవాలి. బొటనవేలు దాన్ని పూర్తిగా కప్పేస్తే అది పిల్ల. దాన్ని చూడకుండా, ఆగకుండా, ఎడం భుజం మీదుగా వెనక్కి విసిరెయ్యాలి. ముందుకి విసిరితే మళ్ళీ కాలికి తగులుతుంది గనక వెనక్కే. మర్చిపోయి బుట్టలో వేస్తే మణికట్టు మీద అవ్వ ఒక్కటిచ్చేది. 'చిన్నదాన్ని తింటే ఏరు అలుగుతాది' అనేది. ఏడాది తిరిగేసరికి దెబ్బతో పనిలేకుండా పోయేది. ఆ పని చెయ్యి తనంతట తానే చేసుకునేది.

కెజియా పావడా ఎగ్గట్టి నీళ్ళలోకి దిగింది. రాయి వెనక రెండు బారల దూరంలో కాలికి బురద తగల్లేదు. గరగరమంది. వంగి పిడికెడు తీసింది. అన్నీ దిబ్బ గుల్లలే. సున్నంలా తెల్లగా, ఒంటి చిప్పలుగా, గోరంతవి. పంతొమ్మిది రోజులుగా, ఎన్నో వందల ఏళ్ళ కిందట ఎవరో తిని పారేసిన గుల్లల్ని, పెరిగి పెద్దవుతాయని తను ఏట్లోకి వదులుతూ వచ్చింది.

నవ్వు రావాల్సిన సంగతి. ఆ పిల్ల మాత్రం ఒడ్డున చీటీలు కట్టిన సంచుల వైపు చూసింది. పైపొర కడిగింది స్టూడెంట్లు. వాళ్ళ చేతులకి ఏరు తెలియదు. గోరంతవీ అరచేయంతవీ అన్నీ సంచుల్లో వేశారు. కింద పొరలు కడిగింది తను. మేడం కాగితం మీద పెద్దగా రాసిన తేడా పూర్వీకులకీ ఇప్పటివాళ్ళకీ మధ్య లేదు. స్టూడెంట్ల చేతులకీ తన చేతికీ మధ్య ఉంది.

ఆ మధ్యాహ్నమంతా మేడం చుట్టూ తిరిగింది. మేడం సంచులు కట్టిస్తున్నారు. శుక్రవారం గుంట పూడ్చేస్తారు, ఆదివారం ఆమె రైలెక్కుతారు. "ఏంటమ్మా?" అని ఒకసారి అడిగారు. "మంచినీళ్ళు కావాలా మేడం?" అంది కెజియా. తన మీద తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం పొద్దున మస్తానయ్య పార తీసుకుని గుంట అంచున నిలబడ్డాడు. మొదటి పార మట్టి లోపల పడిన చప్పుడు వినగానే కెజియా పరుగెత్తింది.

"పూడ్చొద్దు మామా! మేడం, లెక్క తప్పు. తప్పు నాదే."

చెప్పింది. ముక్కలు ముక్కలుగా, రెండు మాటలకి ఒకసారి ఆగుతూ చెప్పింది. ఏట్లోంచి ఏరి ఓణీ కొంగులో మూటగట్టి తెచ్చిన గుల్లల్ని బల్ల మీద పోసింది.

ఆనందకుమారి మేడం ఆ గుల్లల్ని వేలితో కదిపి చూశారు. ఎప్పుడూ మెత్తగా ఉండే మొహం బిగుసుకుపోయింది.

"వీటికి చీటీ లేదు. ఇవి ఏ పొరవో నువ్వు చెప్పగలవా?"

"లేదు మేడం."

"ఇవి నిన్న నువ్వు దిబ్బ పైపొరలోంచి తీసి తేలేదని నేనెలా నమ్మాలి? ఊళ్ళో నిన్ను ఏమంటున్నారో నాకు తెలియదనుకున్నావా? రేపు సభ. ఈ రోజు నీకు పంతొమ్మిది రోజుల తప్పు గుర్తొచ్చింది. ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ..."

"ఒక మనిషి పంతొమ్మిది రోజులు తనకి తెలియకుండా గుల్లలు విసురుతుందా? కళ్ళు మూసుకుని పని చేశావా?"

కెజియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల అడ్డంగా ఊపింది. సరిగ్గా అప్పుడే డెబోరా బుట్ట నిండా గుల్లలతో ఏట్లోంచి ఎక్కి, టెంటు పక్కగా పోతూ ఆగింది.

"ఏందమ్మా, ఇస్కరియోతు ఏడస్తా ఉంది? కూలి లెక్క తక్కువిచ్చినారా?"

మేడం డెబోరా వైపు చూశారు. ఆమె తడి చేతుల వైపు చూశారు. గొంతు మార్చి, "అమ్మా, ఒక్క అరగంట కూర్చుంటావా? ఒక జల్లెడ కడిగి పెట్టాలి," అన్నారు.

"నేనా? మీకా?" డెబోరా బుట్ట దించింది. "మా కడుపు కొట్టే పని మేమే చెయ్యాలా?" అయినా వెళ్ళిపోలేదు. ఆమెకి చెప్పాల్సిన మాటలు చాలా ఉన్నాయి. చెప్పడానికి కూర్చునే చోటు దొరికింది.

మేడం గుంటలోకి దిగి, తవ్వకుండా నిలిపిన గోడలోంచి మూడో పొర మట్టి తనే తాపీతో గీకి రెండు జల్లెడల్లో సమానంగా పోశారు. ఒకటి తన ముందు పెట్టుకున్నారు. రెండోది డెబోరాకిచ్చి రాయి మీద కూర్చోబెట్టారు. "మట్టి పోయేలా కడిగి, ఉన్న గుల్లలన్నీ ఈ పళ్ళెంలో వెయ్యి తల్లీ. ఒక్కటీ వదలొద్దు," అన్నారు. కెజియా వైపు వేలు చూపించి, మాట్లాడవద్దన్నట్టు పెదవుల మీద పెట్టుకున్నారు.

డెబోరా చేతులు జల్లెడలో దిగాయి. నోరు కెజియా మీద దిగింది.

"మీ అమ్మ పోయినాక ఏట్లో దించి బతకడం నేర్పిందెవురు మే? మీ అవ్వా, నేనూ. జొరమొస్తే మోసుకోని పొయ్యింది నేను. ఇయ్యాల నువ్వు నీడ పట్టున కూచ్చోని, మేము ఏరు తినేసినామని రాయిస్తా ఉండావా?"

బుళుక్.

"అయిదేండ్లంట! అయిదేండ్లు గాలి తిని బతకమంటాడా ఆ జీపాయన? ఏటి మొగ ఇసకతో మూసకపోయి ఉప్పునీళ్ళు రావడంలేదు, నాయనా అది చూడు అంటే చూడడు. మా బుట్టలు చూస్తాడు."

బుళుక్. బుళుక్.

మేడం చేతులు ఆగిపోయాయి. ఆమె డెబోరా కుడిచేతినే చూస్తున్నారు. అది జల్లెడలో వెతుకుతోంది, పట్టుకుంటోంది, బొటనవేలు ఒక్కసారి తడుముతోంది. అంతే, భుజం మీదుగా పోతోంది. డెబోరా కళ్ళు మాత్రం కెజియా మొహం మీంచి కదల్లేదు.

"ఇంటర్ చదివిస్తే ఇదా ఫలితం? పలకవేంది? నోట్లో గుల్ల పెట్టుకున్నావా?"

బుళుక్.

కడగడం అయింది. మేడం రెండు పళ్ళేలూ బల్ల మీద పెట్టి కొలిచే కాలిపర్స్‌తో ఒక్కొక్కటీ పట్టి చూశారు. మేడం పళ్ళెంలో గోరంతవి ముప్పై ఒకటి. డెబోరా పళ్ళెంలో రెండు.

"మిగతావి ఏం చేశావమ్మా?"

"ఏ మిగతావి? అన్నీ వేసినా గదా. దొంగతనం గూడా అంటగడతారా?"

"చిన్నవి ఏట్లోకి విసిరేశావు."

"నేనా?" డెబోరా లేచి నిలబడింది. "యాడ ఇసిరినా? ఎవురు చూసినారు? చచ్చిన గుల్లల్ని ఏట్లో ఏసేదానికి నాకేమన్నా పిచ్చా?"

మస్తానయ్య తుమ్మచెట్టు కింద నుంచి అన్నాడు. "ఇసిరినావు డెబోరా. నేను లెక్కపెట్టినా. ఇరవైయారు."

డెబోరా వెనక్కి తిరిగి ఏటి వైపు చూసింది. తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది, ఎవరిదో చూసినట్టు. 

మేడం ఆమె బుట్ట దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. అడగకుండానే గుల్లలు తీసి కొలవడం మొదలుపెట్టారు. ఇరవై, నలభై, వంద. బతికున్న గుల్లలు నోరు మూసుకుని ఆ ఇనుప వేళ్ళ మధ్య నిలబడ్డాయి. కాగితం మీద రాస్తున్న చెయ్యి చివరికి ఆగింది.

"ఈ బుట్టలో అన్నిటికంటే చిన్నది, దిబ్బలో సగం గుల్లల కంటే పెద్దది," అన్నారు, తనతో తనే. "నేను బుట్టలు చూడనే లేదు. నెలన్నరగా ఇవి నా టెంటు పక్క నుంచే పోతున్నాయి."

ఆ రోజు గుంట పూడ్చలేదు. మేడం చీకటి పడేదాకా గోడలోంచి నాలుగు పొరల మట్టీ గీకి తనే కడుక్కున్నారు. కెజియాని జల్లెడ ముట్టుకోనివ్వలేదు. వెళ్ళేటప్పుడు, "ఆదివారం ప్రయాణం మానుకున్నాను. సోమవారం నుంచి పనికి నువ్వు మాత్రం రావద్దమ్మా," అన్నారు. కోపంగా కాదు. మెత్తగా కూడా కాదు.

శనివారం స్కూలు వరండాలో గ్రామసభ. మధుబాబు కుర్చీలో కూర్చుని ఫైలు తెరవబోతుంటే మేడం లేచారు.

"ఆ రిపోర్టు నేను వెనక్కి తీసుకుంటున్నాను. మట్టి కడిగిన చోట పొరపాటు జరిగింది. మళ్ళీ లెక్క పెట్టాను. దిబ్బ కట్టినవాళ్ళు పిల్ల గుల్లల్ని వదల్లేదు. అడుగు పొరలో తిన్నారు, పైకొచ్చేకొద్దీ ఇంకా ఎక్కువ తిన్నారు. పైపొరలో ఇంగ్లీషు రాణి బొమ్మ నాణెం దొరికింది, అంటే నూటయాభై ఏళ్ళ నాటి మాట. దాని పైన ఇక దిబ్బ లేదు. పారెయ్యడానికి గుల్లే దొరికినట్టు లేదు. ఇప్పటివాళ్ళ గుల్లలు దిబ్బలో లేవు, వాళ్ళ బుట్టల్లో ఉన్నాయి. అవి కొలిచాను. పిల్లలు లేవు."

"పొరపాటు ఎవరిది?" అన్నాడు మధుబాబు.

"పిల్ల గుల్లని ఏట్లోకి వదిలెయ్యాలన్నది ఈ ఊరి కట్టుబాటు. కడిగిన మనిషి చేతికి అదే అలవాటు," అన్నారు మేడం. జనం తలలు కెజియా వైపు తిరిగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. "చచ్చినవాటిని లేపేదానికి ఏట్లో ఏసిందంట, లాజరు అనుకుందేమో." నవ్వు పాకింది. కెజియా గోడకి ఇంకా ఒదిగి ఆనుకుంది.

"కూలిమనిషి చేతి అలవాటంటున్నారు. నన్నేం రాయమంటారు మేడం, ఆర్డర్లో? వీళ్ళ చేతులు మంచివని రాయనా? ఆ కట్టుబాటు ఎక్కడన్నా రాతపూర్వకంగా ఉందా?"

వరండా చివర నుంచి ముసలిగొంతు వినిపించింది. అవ్వ నిలబడింది, నిలబడినా వంగే ఉంది. "మా జేజి, మా నాయన తల్లి, చిన్నబిడ్డగా ఉన్నప్పుడు మూడేండ్లు ఏట్లో ఒక్క గుల్ల పడలేదంట సార్. ఏరు అలిగిందన్నారు. బిడ్డలు చచ్చిపోయినారు. అప్పుడు పెట్టుకున్న కట్టు ఇది."

"రాత ఉందా అని అడుగుతున్నాను, పెద్దమ్మా."

"ఉంది సార్," అంది డెబోరా కూర్చున్నచోటి నుంచే. "మణికట్టు మీద రాసినారు, దెబ్బలతో. ఆ పిల్లకి రాసింది నేనూ, ఈ ముసలమ్మా. తప్పయితే మమ్మల్ని అడగండి. అది చేసిందానికి కూలి మాన్పించినారు గదా, ఇంక దాని మొహం చూడబాకండి."

మధుబాబు ఫైలు మూశాడు. సర్వే మళ్ళీ జరుగుతుందనీ, అప్పటిదాకా ఆర్డరు ఆగుతుందనీ, ఆగిందంటే పోయినట్టు కాదనీ చెప్పి జీపెక్కాడు. ఏటి మొగ సంగతి అడగబోయిన మస్తానయ్యకి జీపు దుమ్ము మిగిలింది.

సోమవారం పొద్దున కెజియా బుట్ట తీసుకుని ఏటికి పోయింది. ఆడవాళ్ళు ఆమెకి దోవ వదిలారు. పలకరించింది మాత్రం ఎవరూ లేరు. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, నడుము దాటాయి. కాలివేళ్ళ కింద బురద మెత్తగా జారింది. గట్టిగా ఒకటి తగిలింది. వంగి తీసింది. బొటనవేలు పెట్టింది. గుల్ల పూర్తిగా దాని కింద దాక్కుంది.

చెయ్యి కదల్లేదు.

పన్నెండేళ్ళుగా తనంతట తానే పోయిన చెయ్యి ఇప్పుడు తన వైపు చూస్తున్నట్టు గాల్లో ఆగిపోయింది. విసరనా, ఉంచనా అని అడుగుతున్నట్టు ఉంది. గుల్ల నోరు గట్టిగా మూసుకుని ఉంది. దాని లోపల ఏదో బతికి ఉంది.

"ఏంది మే చూస్తా నిలబడినావు?" పక్క నుంచి డెబోరా కసిరింది. ఆమె వేళ్ళ మధ్య కూడా గోరంత గుల్ల ఒకటి ఉంది. ఆమె చెయ్యి కూడా ఆగి ఉంది. "నీ పుణ్యమా అని నాకూ ఇదే తెగులు పట్టుకుంది. శుక్రవారం నుంచి ప్రతిదాన్నీ చూడాల్సొస్తా ఉంది. ఇసురు!"

కెజియా గుల్లను ఇంకోసారి చూసింది. చూసి, భుజం మీదుగా విసిరింది. అది నీళ్ళలో పడేదాకా ఆగి, ఆ చప్పుడు విని, మళ్ళీ వంగింది.